గోగు గుంట కింద రొయ్యమ్మ కాపురం

కొండ కింద గెడ్డ ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. అన్ని నీళ్లున్నా రొయ్యమ్మకు కంటి మీద కునుకు లేదు. కడుపు కింద గుడ్లు మోస్తోంది మరి. ఎగువన నక్క పెద్ద గుంట తవ్వి గోగు కట్టలు ఊరేసింది. నార తీసి కోతులకు ఉయ్యాల తాళ్లు పేనుతుందట. గోగు కుళ్లిన నీళ్లు నల్లగా, ముక్కు పగిలే కంపుతో గట్టు వెనక కాచుకుని ఉన్నాయి. గండి పడితే వచ్చేది గెడ్డలోకే.

ఆ గెడ్డకో కట్టుబాటుంది. తాబేలు తాత సరే అననిదే చుక్క మురికి కలవకూడదు. తాతకు మతిమరుపు లేదు. ఎవరి మీదైనా కోపమొస్తే డిప్పలో దాచుకుంటాడు, పారేయడు.

"తాతా, గండి కొట్టుకోనీ," అంది నక్క తోక ఊపుతూ.

"మీ అయ్యా ఇలాగే ఊపాడు. ఆ వేసవి మడుగులో చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఆ కంపు నా ముక్కులో ఇంకా ఉంది."

"అయ్య చేసింది నాకెందుకు అంటగడతావు? సాక్షిని తెచ్చాను, అడుగు."

కొర్రమీను ఒళ్లు విరుచుకుని ముందుకొచ్చాడు. "నిన్నంతా ఆ గుంటలోనే ఉన్నాను తాతా. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"కొర్రమీనే బాగున్నాక ఇంకేం కావాలి?" అని కప్పలు తలలూపాయి.

రొయ్యమ్మ గుడ్లను కాళ్లతో దగ్గరికి పొదువుకుంది. నోరు మూసుకుంటే గుడ్లు పోతాయి. తెరిస్తే నక్క కళ్లు తన మీద పడతాయి. చివరికి తెరిచింది.

"అన్నా, గుంటలో ఉన్నంతసేపూ మూతి ఎక్కడ పెట్టావు?"

"ఎక్కడంటే... గుక్కకోసారి పైకొచ్చి గాలి మింగుతాను కదా. పుట్టిన దగ్గర్నుంచీ అలవాటే."

"నాకా అలవాటు లేదు. తాతా, అన్న బతికింది నీళ్లతో కాదు, గాలితో."

తాత మెడ బయటికి చాచాడు. "పిల్ల బాగా పట్టింది. నీళ్ల సంగతి మెత్తనివాళ్లను అడగాలి. మనలో అందరికంటే మెత్తనివాళ్లెవరు?"

అన్ని కళ్లూ రొయ్యమ్మ వైపే తిరిగాయి. ఆమె భయపడ్డదీ ఇందుకే.

ఒడ్డున బండలో చిన్న గుంటుంది. ఆమెను అందులోకి దిగమన్నాడు తాత.

"ఇంత గుంటలోనా?" అంది నక్క. "గెడ్డ చూడు, ఏనుగు మునుగుతుంది. నా నీళ్లు సముద్రంలో కాకిరెట్ట."

"వానల్లో అందరూ దొరలే. నువ్వు మురికి ఏడాది పొడుగునా వదులుతావు. చైత్రం దాటాక మన మడుగు ఈ గుంటంత అవుతుంది. కొలత అక్కడ వేయాలి. ఊఁ, పొయ్ నీ నీళ్లు."

నక్క సొరబుర్రతో కుళ్లునీళ్లు పోసింది. పైన వెలుతురు పోయింది. రొయ్యమ్మకు మీసాలు మొద్దుబారాయి. గుడ్లకు ఊపిరాడేలా నీళ్లు విసురుతున్న కాళ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కొన్ని గుడ్లు రాలడం తెలుస్తోంది, పట్టుకోవడానికి సత్తువ లేదు. తాత మూతితో లాగి మంచినీళ్లలో పడేశాడు.

"చాలు తాతా."

"చాలదు. ఎంతైతే చస్తావో తెలిసింది. ఎంతైతే బతుకుతావో తెలియాలి."

అప్పుడామెకు నక్క కంటే తాతే క్రూరుడనిపించాడు. అయినా దిగింది. నీళ్లు మార్చి సగం బుర్ర పోశారు. మళ్లీ మీసాలు చచ్చుబడ్డాయి. మళ్లీ మార్చి ఆకుదొన్నెడు పోశారు. కళ్లు మూసుకుని కాచుకుంది. కాళ్లు గుడ్లకు విసురుతూనే ఉన్నాయి.

"ఇదీ కొలత," అన్నాడు తాత. "ఇందులోనూ సగమే నీది. ఎగువన దున్నలు ముందునుంచే పొర్లుతున్నాయి, తక్కింది వాటి కింద పోయింది."

"అరదొన్నెనా? నా గోగు ఏమైపోవాలి?"

"ఇంకో రెండు గుంటలు తవ్వుకో. మడ్డి అడుగున దిగనీ. పైతేట బండల మీంచి జారి గాలి పోసుకుని రానీ. గట్టుకి ఎండ్రకాయ బొరియంత కన్నం చాలు."

నక్క పళ్లు బయటపెట్టింది. "అలాగే. రోజూ చూసేదెవరో?"



"రొయ్యమ్మ," అన్నాడు తాత. "కన్నం కిందే కాపురం ఉంటుంది. ఆమె మీసం ఆడినన్నాళ్లు నీ కన్నం తెరిచుంటుంది. ఆడకపోతే మూసేస్తాం. ఎందుకాడలేదని అడగం."

"కొంగ తింటే?"

"మూసేస్తాం."

"వయసు మీరి పోతే?"

"పిల్లలుంటారు. వాళ్లను బతకనీ."

నక్క పళ్లు లోపలికి పోయాయి.

ఇప్పుడు ఆ గట్టు మీద తాళ్లు పేనే తీరిక ఎవరికీ లేదు. నక్క చిక్కి సగమై, తెల్లారింది మొదలు కొంగల వెంటపడి తరుముతోంది. నీళ్ల మీద నీడ పడితే రొయ్యమ్మ గుండె ఇప్పటికీ ఆగినంత పనవుతుంది. తలెత్తి చూస్తే నక్కే.

"చెల్లీ, బాగున్నావా?" అని వంగి అడుగుతుంది.

రొయ్యమ్మ పలకదు. నక్క కళ్లలో భయం నిండేదాకా ఆగి, అప్పుడు ఒక్క మీసం ఎత్తుతుంది.

నీళ్లు మంచివో కావో గట్టివాణ్ణి కాదు, గుడ్లు మోసేదాన్ని అడగాలి.