గుమ్మడికాయ దాటిన బండి

తంగేడుకోనలో కాపురముండే జంతువులన్నిటికీ మొగలిపురం వెళ్లడానికి ఒకటే దారి. ఆ దారికి అడ్డంగా పాలవాగు, వాగు నడిమధ్య ఒక బండ. నీళ్లు ఏడాది పొడుగునా మడమ లోతే గానీ, ఆ బండ మాత్రం సరిగ్గా రెండు చక్రాల మధ్యకి వచ్చి కూర్చుంటుంది. పక్కనుంచి పోదామంటే అటు ఊబి, ఇటు గొయ్యి. దాన్ని పెకలిస్తామని ఒకసారి ఏనుగులు వచ్చాయి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తోసి, చివరికి దానికే ఒక దణ్ణం పెట్టి వెళ్లిపోయాయి.

పొట్టేలు బండన్న పుట్టింది ఆ బండ మీదే. వాళ్లమ్మ అలివేలమ్మకి నొప్పులొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, బండి ఇరుసు ఆ రాయికి తగిలి విరిగింది. వాగులోనే కాన్పయింది. అమ్మవారి దయవల్ల తల్లీబిడ్డా దక్కారు. పిల్లాడికి బండన్న అని పేరు పెట్టారు. పెద్దయ్యాక ఆ పేరు చెప్పుకోవాలంటే బండన్నకి మహా నామోషీ. మొగలిపురంలో ఉన్ని కొట్టు పెట్టుకుని, బోర్డు మీద "బి. రావు" అని రాయించుకున్నాడు.

ఇప్పుడు బండన్న భార్య ఊర్ణమ్మకి ఎనిమిదో నెల. పిల్లలిద్దరి బడి కూడా వాగు అవతలే.

"ఇంక లాభం లేదు, కారు కొనేద్దాం" అన్నాడు బండన్న. "పెద్దదొద్దు, మన సందులో తిరగదు. చిన్నదే అయినా కాస్త ఎత్తుగా ఉండేది."

"ఎత్తు అంటే ఎంత?" అంది అలివేలమ్మ.

"ఎత్తు అంటే ఎత్తేనమ్మా. చూస్తే తెలీదూ?"

అలివేలమ్మ దేవుడి పెట్టె తెరిచి, కుంకుమ భరిణె కింద మడత పెట్టి ఉన్న పసుపు దారం ఒకటి తీసింది. దారానికి ఒక చోట ముడి ఉంది.

"ఏమిటత్తయ్యా ఇది?" అంది ఊర్ణమ్మ.

"మా అత్తగారిచ్చింది తల్లీ. మీ ఆయన పుట్టిన మర్నాడే ఆవిడ వాగులో దిగి, బండ ఎత్తు కొలిచి ఈ ముడి వేసుకొచ్చింది. మనింట్లో ఏ బండి కొన్నా ఈ ముడంత ఎత్తున్న గుమ్మడికాయ మీదుగా నడిపించి చూసి గానీ కొనకూడదని పెట్టింది. మీ మామగారు రెండు బండ్లు అలాగే కొన్నారు."

"గుమ్మడికాయెందుకు? రాయే పెట్టి చూడొచ్చుగా?"

"రాయి పెడితే తగిలినప్పుడు అవతలివాళ్ల బండి పాడైపోదూ! కాయ పెడితే పోయేది మన కాయే. ఒకళ్ల ఉసురు మనకెందుకు?"

బండన్న తల పట్టుకున్నాడు. "అమ్మా, షోరూంకి గుమ్మడికాయ పట్టుకెళ్తే నవ్వుతారే!"

"నవ్వనీ నాయనా. నవ్వితే వాళ్ల ఒంటికే మంచిది" అని, ఆవిడ పెరట్లోకి వెళ్లి పాదులన్నీ వెతికి, దారం పెట్టి చూసి, ముడికి సరిగ్గా సరిపోయే కాయలు రెండు కోసుకొచ్చింది.

మొగలిపురం షోరూం నక్క జంబులింగానిది. మెడలో టై, నోట్లో యాలక్కాయ. అద్దాల్లోంచి బండన్న కుటుంబం రావడం చూసి, పక్కనే ఉన్న మెకానిక్ తాబేలుతో గొంతు తగ్గించి అన్నాడు:

"కూర్మయ్యా, గొర్రెలొస్తున్నాయి. ఆ మూలనున్న చిట్టి బండి మీద పట్టా కప్పెయ్. అది అమ్మితే నాకు మిగిలేది యాలక్కాయలకి కూడా చాలదు. వీళ్లకి ఆ కొత్త కారు మేఘమాలే అంటగట్టాలి."

కూర్మయ్య సరేనని బయల్దేరాడు. తాబేలు నడక మీకు తెలిసిందే. పట్టా సగం కప్పేసరికి బండన్న కుటుంబం లోపలికొచ్చేసింది. బండి మిగతా సగం అలాగే బయటికి కనిపిస్తూ ఉండిపోయింది.

"రండి రావు గారూ, రండి!" జంబులింగం ఎదురొచ్చాడు. "చూడండి సార్, మేఘమాల! ఆ ఠీవి చూడండి. ఈ చక్రాలు చూడండి. కింద ఎంత ఖాళీ ఉందంటే, కుందేళ్లు పెళ్లి పందిరేసుకోవచ్చు."

బండన్న మొహం వెలిగిపోయింది. జంబులింగం మీట నొక్కాడు. బండి పైకప్పు తెరుచుకుంది.

"ఇది ప్రత్యేకంగా కొమ్ములున్న మహానుభావుల కోసం సార్. తల పైకి పెట్టి వెళ్తుంటే కొండ మీదవాళ్లకి కూడా మీ కొమ్ములు కనిపించాలి!"

"తల పైకి పెడితే దారెవరు చూస్తారండీ?" అంది ఊర్ణమ్మ.

పిల్లలిద్దరూ కిసుక్కున నవ్వారు. బండన్న మాత్రం అద్దంలో కొమ్ములు సవరించుకుంటున్నాడు.

"ఇవాళే సంతకం పెట్టెయ్యండి సార్. ఎల్లుండి నుంచి మూఢం. మళ్లీ రెండు నెలల దాకా మంచిరోజు లేదు" అన్నాడు జంబులింగం.

"మూఢం వచ్చే నెల నాయనా" అంది అలివేలమ్మ నెమ్మదిగా. "పంచాంగం నా సంచిలోనే ఉంది. చూపించమంటావా?"

జంబులింగం యాలక్కాయ కొరుక్కున్నాడు. "అబ్బే, ఎందుకమ్మగారూ! మీరు చెప్పాక తిరుగేముంది?"

"అయితే మాదొక ఆనవాయితీ ఉంది. ఈ గుమ్మడికాయ మీదుగా బండి ఒకసారి నడిపించి చూపించాలి."

జంబులింగానికి లోపల్లోపల నవ్వాగలేదు. ముసలమ్మ దిష్టి తీయిస్తోంది కాబోలు అనుకున్నాడు. "దానికేం భాగ్యం! అయితే మామూలుగా కొన్నాక చక్రాల కింద నిమ్మకాయలు పెడతారమ్మగారూ."

"నిమ్మకాయలు కొన్నాక. గుమ్మడికాయ కొనకముందు."

షోరూం వెనక ఖాళీ స్థలంలో కాయ పెట్టారు. జంబులింగం ఒక్కడే ఎక్కి స్టీరింగ్ పట్టుకున్నాడు. మేఘమాల కాయ మీదుగా సుతారంగా వెళ్లింది. కాయ మీది దుమ్ము కూడా చెదరలేదు.

"చూశావా అమ్మా!" బండన్న గంతేశాడు.

"చూశాను. ఇప్పుడు అందరం ఎక్కుదాం."

జంబులింగం చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అందరూ ఎందుకమ్మగారూ? శ్రమ!"

"రోజూ ఖాళీగా వెళ్తామా నాయనా? పిల్లలుంటారు, వాళ్ల పుస్తకాల సంచులుంటాయి. నా కోడలుంటుంది. వీడి ఉన్ని మూటలు ఎలాగూ తప్పవు."

వెనక్కి తగ్గితే అనుమానపడతారని జంబులింగం ఛాతీ విరుచుకున్నాడు. "ఎక్కండమ్మా ఎక్కండి! ఆ కాయకి గీత పడితే, ఈ షోరూంలో మీరు ఏ బండి చూపిస్తే ఆ బండి దాని అసలు ధరకే ఇస్తాను. మేఘమాలకి ఉచితంగా పెట్టే సీటు కవర్లు, వెనక కెమెరా, ఏడాది సర్వీసు అన్నీ దానికి పెట్టిస్తాను."

"అమ్మవారి మీద ఒట్టేనా?"

"ఒట్టు!"

బండన్న స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. ఊర్ణమ్మ ముందు సీట్లో, అలివేలమ్మ పిల్లలతో వెనక, డిక్కీలో కొట్టు నుంచి తెప్పించిన రెండు ఉన్ని మూటలు. ఒక్కొక్కరు ఎక్కుతున్న కొద్దీ మేఘమాల మెత్తటి స్ప్రింగుల మీద నిట్టూరుస్తూ దిగింది. ఆఖరి మూట పడేసరికి కడుపు నేలకి ఆనుకున్న పందిలా అయింది.

"పోనియ్యి నాయనా. వాగు దాటుతున్నావనుకో."

బండన్న పోనిచ్చాడు. ఫట్ మంది. గుమ్మడికాయ గుజ్జు నాలుగు వైపులా చిమ్మింది. ఒక ముక్క ఎగిరి జంబులింగం టై మీద పడింది.

బండన్న కిందికి దిగి చూశాడు. చితికిన కాయని చూశాడు, ఊర్ణమ్మ పొట్టని చూశాడు. "ఈ బండే కొనుంటే..." అని ఆగిపోయాడు.

"కాయ... కాయ పెద్దదైపోయిందమ్మగారూ" అన్నాడు జంబులింగం.

"ఇందాక నువ్వు దాటిన కాయే కదా నాయనా. అంతలోనే పెరిగిందా?"

"అది కాదు, నేల ఎగుడుదిగుడు..."

"మా వాగు చూళ్లేదు నువ్వు" అంది ఊర్ణమ్మ. "అక్కడికొస్తే ఈ నేలకి హారతి పడతావు."

అలివేలమ్మ షోరూం లోపలి మూలకి చూపించింది. "సగం దుప్పటి కప్పుకుని పడుకుందే, ఆ బండేమిటి?"

జంబులింగం కంగారుగా అడ్డమొచ్చాడు. "అదా! అది పాత రకం అమ్మా. పొట్టిది. దానికి పైకప్పు కూడా తెరుచుకోదు."

"పొట్టి... గా... కనిపిస్తుంది" అన్నాడు కూర్మయ్య. ఆయన మాట కూడా ఆయన నడకలాంటిదే. "కానీ... ఎంతమంది ఎక్కినా... పెద్దగా కుంగదు. స్ప్రింగులు... గట్టివి."

జంబులింగం ఉరిమి చూశాడు. ఆ చూపు చేరేసరికి కూర్మయ్య తల డొప్పలోకి లాగేసుకున్నాడు.

సంచిలోంచి రెండో కాయ బయటికొచ్చింది. ఈసారి జంబులింగాన్ని కూడా వెనక సీట్లో ఇరికించారు, బరువుకి బరువు, సాక్ష్యానికి సాక్ష్యం అని. చిట్టి బండి కొద్దిగా కుంగి, కాయ మీదుగా వెళ్లిపోయింది. కాయకి తొడిమ కూడా ఊడలేదు.

"పిల్లలూ, గీత ఏమైనా పడిందేమో చూడండి" అంది అలివేలమ్మ.

"లేదు నాయనమ్మా!"

"ఒట్టు గుర్తుందా నాయనా?" అని ఆవిడ ఎంత మెత్తగా అడిగిందంటే, జంబులింగం మేకు మింగినట్టు తలూపాడు. సీటు కవర్లు, కెమెరా, ఏడాది సర్వీసు ఒక్కొక్కటే కాగితం మీద రాస్తుంటే, ఆయన తోక కూడా ఒక్కొక్క మాటకీ కొంచెం కొంచెం వాలింది. నిమ్మకాయలు మాత్రం అలివేలమ్మ తెచ్చినవే పెట్టారు.

నెల తిరిగేసరికి ఊర్ణమ్మకి నొప్పులొచ్చాయి. చిట్టి బండి వాగులో దిగింది. బండ దగ్గర బండన్న ఊపిరి బిగబట్టాడు. కింద ఏ చప్పుడూ లేదు, నీళ్ల గలగల తప్ప. ఊర్ణమ్మ ఆసుపత్రి మంచం మీద హాయిగా ఆడపిల్లని కంది. పిల్ల గుండ్రంగా, పచ్చగా ఉండడంతో పేరు వెతుక్కోనక్కర్లేకపోయింది. అందరూ గుమ్మడీ అని పిలవడం మొదలుపెట్టారు. అలివేలమ్మ పసుపు దారాన్ని మనవరాలి ఉయ్యాలకి ఒకసారి తాకించి, మళ్లీ భరిణె కింద పెట్టింది.

బండన్న కొట్టు బోర్డు మీద "బి. రావు" తీయించి "బండన్న" అని రాయించాడు. కారు వెనక అద్దం మీద కూడా పెద్ద అక్షరాలతో రాయించాడు: "బండన్న బండి".

జంబులింగం సంగతంటారా? మేఘమాల కింద ఎండిపోయిన గుమ్మడి గుజ్జు గీకుతూ ఉండగా, అద్దాల బయట గేదెలు, మేకలు, ఆఖరికి కుందేళ్లు కూడా వరుసలో నిలబడి కనిపించాయి. ఒక్కొక్కరి చంకలో ఒక్కొక్క గుమ్మడికాయ.

కొనే బండిని ఖాళీగా ఉన్నప్పుడు చూసి మురిసిపోకండి, ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చున్నాక చూడండి.