ఎదురీదిన పుల్ల

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, చెక్కయ్య అనే వడ్రంగిపిట్ట ఉండేవాడు. వాడికో గుణం ఉందర్రా. దేన్నయినా ముక్కుతో తట్టి చూడందే నమ్మడు. పండు పండిందన్నా తట్టేవాడు, కొమ్మ గట్టిదన్నా తట్టేవాడు. ఒకసారి నిద్రపోతున్న తాబేలును రాయేమోనని తట్టి చీవాట్లు తిన్నాడు.

ఆ ఒడ్డునే కెంపు అనే జెముడుకాకి ఉండేది. ఎర్రటి కళ్లు, బొంగురు గొంతు. అందరూ ఆమెను మంత్రగత్తె అనేవారు. ఆమె గూటి పుల్లల్లో ఒకటి సంజీవని అనీ, ఆ గూట్లో పడుకుంటే విరిగిన ఎముకైనా అతుక్కుంటుందనీ చెప్పుకునేవారు.

ఒకనాడు చెక్కయ్య కాలు విరిగింది. కెంపు వాణ్ణి తన గూట్లో పడుకోబెట్టింది. తెల్లారేసరికి కాలు బాగయింది.

"దానంతటదే తగ్గుంటుంది," అన్నాడు చెక్కయ్య.

"అలాగేలే. ముందు ఈ పురుగు తిను," అంది కెంపు.

ఆ మాటకే వాడి మనసు కరిగిపోయింది. రోజూ ఏదో వంకతో వచ్చేవాడు. "నీ మంత్రాలన్నీ ఒట్టి బూటకం" అంటూనే పొద్దుగూకేదాకా కూర్చునేవాడు. చివరికి పెళ్లి మాట వాడే ఎత్తాడు. కెంపు సిగ్గుపడి సరేనంది.

గోరింకలు ఊరుకుంటాయా? "పిచ్చివాడా, అది నీకు మందు పెట్టింది. అందుకే దాని చుట్టూ తిరుగుతున్నావు," అన్నాయి.

మంత్రాలే లేవన్నవాడు మందు మాటకు బెదిరిపోయాడు. చూశారా విడ్డూరం! ఈ ప్రేమ నాదేనా, మందుదా అని వాడికి నిద్ర పట్టలేదు. గూటి పుల్లలో మంత్రం లేదని తేలితే మందూ లేనట్టే అనుకున్నాడు.

"ఆ సంజీవని పుల్ల చూపించు," అని అడిగాడు. కెంపు నవ్వేసింది. మర్నాడు మళ్లీ అడిగాడు. మాట మార్చింది. మూడోసారి అడిగితే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అది ఏ పుల్లో నాకూ తెలియదు చెక్కయ్యా. ఇది మా అమ్మ కట్టిన గూడు. వాగులో వేస్తే ఎదురీదేదే సంజీవని అంటారు. కానీ ఎదురీదిన పుల్ల మళ్లీ దొరకదు. నన్ను నమ్మితే చాలదా?"

"నమ్మడానికే అడుగుతున్నాను," అన్నాడు వాడు.

మర్నాడు కెంపు మేతకు వెళ్లగానే, చెక్కయ్య గూటి పుల్లలు ఒక్కొక్కటే పీకి వాగులో వేశాడు. అన్నీ ప్రవాహంతో కొట్టుకుపోయాయి. అమ్మయ్య, మంత్రమూ లేదు మందూ లేదని వాడి గుండె తేలికపడింది. అడుగున ఒక వంకర పుల్ల మిగిలింది. దాన్నీ వేశాడు. అది నీళ్లలో ఆగింది. మెల్లగా తిరిగి, ఎగువకు ఈదుకుంటూ పోయింది. చెక్కయ్య వెంటపడ్డాడు. రాళ్ల మధ్య అది కనిపించకుండా పోయింది.

సాయంత్రం గాలివాన వచ్చింది. తడిసి వచ్చిన కెంపుకు గూడు లేదు. ఉత్త కొమ్మ మీద కూర్చుంది. గాలి విసురుకు కిందపడి రెక్క విరిగింది.

చెక్కయ్య ఏడుస్తూ వచ్చి పక్కన వాలాడు.

"ఎదురీదిందా?" అడిగింది కెంపు.

"ఈదింది," అన్నాడు తల వంచుకుని.

"నేను నీకు పెట్టిన మందు ఆ పురుగొక్కటే, చెక్కయ్యా," అంది.

ఆ రెక్క మళ్లీ అతకలేదు. చెక్కయ్య చెట్టు మొదట్లో తొర్ర తొలిచి, ఆమెను అందులో ఉంచి, బతికినన్నాళ్లూ పురుగులు తెచ్చి తినిపించాడు. రోజూ పొద్దుగూకే వేళ వాగు దగ్గర కూర్చుని ఎగువకే చూసేవాడు. ఎన్నో పుల్లలు కొట్టుకొచ్చేవి. ఆ వంకర పుల్ల మాత్రం రాలేదు.

నీతి: మనల్ని కాచిన గూటిని అనుమానంతో పీకితే, నిజం తెలుస్తుందేమో గానీ గూడు మిగలదు.