యంత్రం తినమన్న పులిహోర

వెన్నెలకోట రాజ్యంలో మంత్రి దండపాణి, ఏది అడిగినా జవాబు చెప్పే ఇత్తడి యంత్రాన్ని చేయించి ధర్మం నేర్పే బడిలో పెట్టించాడు. మూడోనాడు, ఇక పిల్లలకు అదే గురువనీ, దాని మాట కాదన్నవాళ్ళకు దేశబహిష్కారమనీ చాటింపు వేయించాడు. దాని మాట కాదన్నందుకు పాత గురువు యజ్ఞేశ్వరుడు పొద్దుగూకేలోగా ఊరు విడవాలి.

బడి వంటమనిషి వరదాంబకు గుండె జారిపోయింది. రోజూ అన్నం ఆవిర్ల మధ్య వినే గురువుగారి కమ్మని గొంతు రేపటినుంచి వినబడదు. కానీ మూడు రోజులుగా వడ్డిస్తూ ఆమె ఒకటి కనిపెట్టింది. పిల్లలు తప్పు చెప్పినా యంత్రం మెచ్చుకుంటోంది.

ఆరోజు ఏకాదశి. రాజుగారు ఉపవాసంతోనే, మంత్రిని వెంటబెట్టుకుని యంత్రాన్ని చూడ్డానికొచ్చారు. వరదాంబ ముందుకొచ్చింది.

"యంత్రమయ్యా, ఏకాదశినాడు మంత్రిగారు కడుపునిండా పులిహోర తినాలి కదా?"

"చక్కగా చెప్పావు తల్లీ. తప్పక తినాలి" అంది యంత్రం.

పిల్లల కోసం వండిన పులిహోర ఆకులో తెచ్చి ఆమె మంత్రి ముందు పెట్టింది. "తినండి బాబుగారూ. కాదంటే దేశం విడవాలని మీరే చాటింపు వేయించారు."

రాజుగారు రెప్ప వేయకుండా చూస్తున్నారు. మంత్రి ఆకు పక్కకి జరిపాడు.

"యంత్రం చెప్పింది తప్పు మహారాజా" అని గొణిగాడు.

"తప్పని మీకెవరు చెప్పారు బాబుగారూ?" అంది వరదాంబ.

"చిన్నప్పుడు... మా గురువుగారు."

"అయితే ఈ పిల్లలకీ ఒకరుండాలిగా" అని రాజుగారు యజ్ఞేశ్వరుణ్ణి పిలిపించి పీఠం మీద కూర్చోబెట్టారు.

యజ్ఞేశ్వరుడు యంత్రాన్ని పంపెయ్యలేదు. పిల్లల వరసలో చివర పెట్టించి పాఠం మొదలెట్టాడు. వరదాంబ వంటింటి తలుపు ఓరగా తెరిచే ఉంచింది.