సింగంబాబు పళ్ళ సందున ఐసు ముక్క

విశాఖపట్నంలో ఒక పళ్ళ డాక్టరు గారి హాల్లో, దవడ పట్టుకుని కూర్చున్న జనానికి ఎదురుగా పెద్ద గాజుతొట్టి ఉండేది. అందులో సముద్రంలాగే ఉప్పునీళ్ళు, నల్లరాళ్ళు, అడుగున తెల్లటి ఇసక. ఆ రాళ్ళ మధ్య గవరమ్మ అనే ఎర్రరొయ్య మొగుడు గంగులుతో కాపురం ఉండేది.

గవరమ్మదీ డాక్టరు గారి పనే. తెల్లటి మీసాలు ఊపుతూ రాయి మీద నిలబడితే చేపలు వచ్చి నోళ్ళు తెరిచేవి. లోపలికి దూరి, పళ్ళ సందుల్లో ఇరుక్కున్నదంతా ఏరి తినేది. అదే ఆవిడ కూలి. పని చేస్తున్న రొయ్యని మింగకూడదన్నది సముద్రం నాటి ఆచారం. తొట్టిలోనూ ఎవరూ దాన్ని తప్పలేదు.

ఇలా సుఖంగా ఉన్న ఇంట్లోకి సింగంబాబు వచ్చాడు. సింహం చేప. ఒళ్ళంతా చారలు, విసనకర్రల్లాంటి రెక్కలు, వీపున ముళ్ళు. చూడ్డానికి రాజాలా ఉంటాడు కానీ, తిండి దగ్గరికొస్తే తొట్టి తొట్టంతా తల పట్టుకోవాల్సిందే. నర్సమ్మ ఫ్రిజ్‌లోంచి ఐసు చేపముక్క తీసి, గిన్నెలో కరగబెట్టి, పుల్లకి గుచ్చి ఆయన మూతి ముందు ఆడించేది. ఆయన దాన్ని ఓసారి పైనుంచి కిందికి చూసి గోడవైపు తిరిగిపోయేవాడు.

"ఒక్క ముక్క నోట్లో యేసుకోండి బాబూ," అని బతిమాలింది గవరమ్మ. "బాగోపోతే ఉమ్మేద్దురు గాని."

"గవరమ్మా, మా వంశంలో చచ్చినదాన్ని ముట్టినవాడు లేడు. అది పారిపోవాలి, మేము తరమాలి, పట్టుకుంటే గిలగిల్లాడాలి. తిండంటే అదీ."

"ఈ తొట్టిలో ఎక్కడికని పారిపోతాది బాబూ? అటు గాజు, ఇటు గాజు!"

"అది మాకు తెలీదు."

ముక్క పుల్ల మీంచి జారి ఇసకలో పడింది. పడీపడగానే పైడయ్య అక్కడున్నాడు. శంఖాన్ని వీపున మోసుకు తిరిగే ముసలి పీత. ముక్కని కొండితో లాక్కుంటూ, "అదీ మాటంటే! దొరబాబులు ఐసులో పడున్నది తింతారేటి? తిననే తినకండి బాబూ, మీ పరువేటి గావాల!" అన్నాడు నోటి నిండా నములుతూ. సింగంబాబు ముళ్ళు ఇంకాస్త నిక్కాయి.

గవరమ్మకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? గంగులు పాత పెంకు విడిచి, రాతి కింద మెత్తటి ఒంటితో పడున్నాడు. కొత్త పెంకు గట్టిపడేదాకా పనికి రాలేడు, మీసమైనా ఊపలేడు. ఆచారం కాచేది పని చేసే రొయ్యనే. పని మానేసిన రొయ్య ఉత్త తిండి. ఆకలితో నకనకలాడుతున్న సింగంబాబు నాలుగు మూలలూ తిరిగి తిరిగి ఆ రాతి దగ్గరే ఆగుతున్నాడు.

"ఇక్కడేదో కమ్మటి వాసన వస్తోందే!" అనేవాడు.

"పాచి వాసన బాబూ!" అని గవరమ్మ పరుగెత్తుకొచ్చేది.

రాతి కింద నుంచి గంగులు గొంతు సన్నగా వినబడేది. "ఏటే, తిన్నాడా?"

"తినలేదు. అలిగిన అల్లుణ్ణి బతిమాలినట్టు బతిమాలతన్నాను. నువ్వు మాటాడకు, కదలకు."

ఊరుకుంటే పని కాదని గవరమ్మ మర్నాడు పుల్ల మీంచి జారిన ముక్కని పైడయ్య కన్నా ముందే అందుకుంది. దాన్ని వెనక నుంచి తోస్తూ రాళ్ళ మధ్య అటూ ఇటూ పరుగులు పెట్టించింది. "అదిగో బాబూ, పారిపోతంది! పట్టండి, పట్టండి!"

సింగంబాబు తాపీగా చూశాడు. "గవరమ్మా, ముక్క కింద నీ కాళ్ళు కనిపిస్తున్నాయి."

పైడయ్య శంఖం దొర్లేటట్టు నవ్వాడు. గవరమ్మకి ఆ ముక్క తీసుకెళ్ళి ఇద్దరి నెత్తినా వేసి కొట్టాలనిపించింది. పస్తుండేది ఆయన, పొగిడి పొట్ట నింపుకునేది వీడు, చావు మాత్రం తన మొగుడికా?

అంత పస్తులోనూ సింగంబాబు పళ్ళు శుభ్రం చేయించుకోవడం మాత్రం మానలేదు. తినని నోట్లో ఏముంటుంది ఏరడానికి? గవరమ్మ లోపలికెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చేది. ఆ రోజూ ఆయన వచ్చి నోరు తెరిచాడు. ఖాళీ నోరు చూసి విసుక్కోబోయిన గవరమ్మ చప్పున ఆగింది. ఈ తలుపు ఆయనే తీస్తున్నాడు కదా!

"ఒక్క నిమిషం బాబూ," అని వెనక్కి వెళ్ళి, ఆ పూట జారిపడ్డ ఐసు ముక్కలోంచి కాస్త తుంచి పొట్ట కింది కాళ్ళ మధ్య దాచుకుని వచ్చింది. లోపలికి దూరి, దాన్ని చివరి పళ్ళ సందున దూర్చింది.

"ఆగు!" అన్నాడు సింగంబాబు. "ఏమిటది?"

గవరమ్మ ఇంకా నోట్లోనే ఉంది. "పాతది బాబూ. మీరు సముద్రంలో ఏటాడిందేదో సందులో ఇరుక్కుపోనాది. కెలికితే ఊడింది. ఉమ్మేత్తారేటి, మీ ఏటని మీరే?"

సింగంబాబు నాలికతో దాన్ని ఓసారి తడిమి చూశాడు. ఆవిడ బయటికి రాగానే నోరు మూసి, గుటక వేశాడు.

"గుర్తొచ్చింది! అది ఎంత దూరం పరిగెత్తించిందనుకున్నావ్ మమ్మల్ని! ఓ పగడపు గుట్ట చాటున..." అని మొదలెట్టి, ఆ వేట కథంతా చెప్పాడు. గవరమ్మ నించుని ఊ కొట్టింది. కాళ్ళు పీకాయి.

అప్పట్నుంచి సింగంబాబుకి పళ్ళ మీద ఎక్కడలేని శ్రద్ధ వచ్చింది. "ఇంకేమైనా ఇరుక్కుందేమో చూడు గవరమ్మా!" అంటూ మాటిమాటికీ వచ్చేవాడు. ఆవిడ ముక్కలు పెద్దవి చేసింది. ఆయన కథలూ పెద్దవయ్యాయి. పొట్ట నిండుతున్నకొద్దీ సింగంబాబు గంగులున్న రాతి వైపు చూడటం మానేశాడు.

ఇక్కడ పైడయ్యకి ముక్కలు తగ్గిపోతున్నాయి. ముసలి పీత కాపు కాసి చూశాడు. గవరమ్మ సింగంబాబు నోట్లో నడుం దాకా ఉన్న సమయం చూసి, ఎదురుగా వచ్చి నించున్నాడు.

"బాబూ, మోసం! అది మీ ఏట కాదు. ఐసు ముక్క! ఈ ఆడది పొట్ట కింద దాసుకొచ్చి మీ నోట్లో పెడతంది. నా రెండు కళ్ళతో సూసినాను."

తొట్టిలో చేపలన్నీ ఆగిపోయాయి. గవరమ్మ కదల్లేదు. నోరు మూస్తే తను పోయినట్టే, ఆ తరవాత రాతి కింద గంగులూ పోయినట్టే.

సింగంబాబు చూపు ఒక్కో చేప మీదుగా వెళ్ళింది. అందరూ ఆయన్నే చూస్తున్నారు. నిజమంటే ఇన్నాళ్ళూ ఐసు తిన్నట్టు ఒప్పుకోవాలి.

"అంటే పైడయ్యా," అన్నాడు, నోట్లో గవరమ్మ ఉండగానే. "మా వేట రుచి మాకు తెలీదంటావా? మా వంశంలో పుట్టినవాడు ఐసుకీ వేటకీ తేడా తెలియని దద్దమ్మంటావా?"

"అయ్యో, అలాగనలేదు బాబూ! మీ పరువు కోసమే గదా..."

"మా పరువు సంగతి మేము చూసుకుంటాం. నువ్వు తప్పుకో."

గవరమ్మ మెల్లగా బయటికి వచ్చింది. అప్పుడే నర్సమ్మ పైనుంచి ఐసు ముక్క వేసింది. తొట్టిలో నీళ్ళు తిప్పే మోటారు ధారకి అది అటూ ఇటూ కొట్టుకుపోతోంది. పైడయ్య అలవాటుగా దాని కిందికి పాకాడు. ముక్క ఇసకకి దిగితే కదా! ఇన్నాళ్ళూ నాలిక మీద నానిన ముక్క వాసన తగలగానే సింగంబాబు రెక్కలు విప్పి ఒక్క ఉరుకున దాన్ని మింగేశాడు.

"చూశారా!" అని అందరివైపూ తిరిగాడు. "పారిపోబోయింది! ఎలా గిలగిల్లాడిందో చూశారా?"

"సూసినాం బాబూ," అంది గవరమ్మ నీరసంగా. "అబ్బో, గొప్ప ఏట!"

చేపలన్నీ వంత పాడాయి. ఆ రోజు నుంచి నర్సమ్మ ఏది వేసినా సింగంబాబు వేటాడుతూనే ఉన్నాడు, ఒక్క రవ్వ అడుగుకి చేరనివ్వలేదు. పెంకు గట్టిపడిన గంగులు పనిలోకి వచ్చి, మీసాలు ఊపుతూ, మొదటి వేట కథ చివరిదాకా విన్నాడు. పైడయ్య ఇసక జల్లించుకుంటూ, పాచి గీరుకుంటూ, పస్తు మీద పస్తు పడుకున్నాడు.

ఎదుటివాడి గొప్పని మేపి పొట్ట నింపుకుంటే, ఆ గొప్పే ఒకనాడు మన కంచం లాగేసుకుంటుంది.