చెరొకటి పడితే కుందేలు

అనగనగా ఒక అడవిలో మాట్లాడేవాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళంతా వినేవాళ్ళు. ఆ ఇద్దరిలో ఒకడు చిరుతపులి మచ్చలదొర. రెండోవాడు వాడి మంత్రి, గుంటనక్క కూతయ్య. దగ్గరికి జరగండి పిల్లలూ. ఇది కొంచెం గుండె దడదడలాడే కథ. మధ్యలో లేచిపోతానంటే కుదరదు, ముందే చెబుతున్నా.

మచ్చలదొరకి ముందరి కాలు కుంటి. దూరం పరిగెత్తి వేటాడలేడు. అయితేనేం, కూతయ్య ఉన్నాడుగా! ఏ పొదలో ఎవరి పిల్లలున్నారో, ఏ బొరియకి ఎన్ని దారులున్నాయో వాడికి కొట్టినపిండి. వాడు చూపిస్తాడు, దొర పంజా విసురుతాడు. మిగిలిన ఎముకలు మంత్రిగారివి. ఆ ఎండాకాలం నీళ్ళున్నది ఒక్క మడుగులోనే. ఆ మడుగు పక్కనే దొర గుహ. పారిపోతే దాహంతో చావాలి, ఉంటే దొర చేతిలో చావాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఒకరోజు ఒక్క పూటలో తొమ్మిది ప్రాణాలు పోయాయి. మర్నాడు కూతయ్య మడుగు చుట్టూ ఉండే మూడు జాతుల్నీ పిలిచాడు. కుందేళ్ళు వచ్చాయి, నెమళ్ళు వచ్చాయి, ముళ్ళపందులు వచ్చాయి.

"ఇలా ఊచకోత కోస్తే ఎవరికి మంచిది చెప్పండి?" అన్నాడు కూతయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "రోజుకి ఒక్క ప్రాణం. అంతే. మిగతావాళ్ళు హాయిగా నీళ్ళు తాగొచ్చు. ఎవరి ప్రాణం అన్నది నేను చెప్పను, దొరా చెప్పడు. ఇదిగో, ఇవి చెబుతాయి." అని రెండు చింతపిక్కలు బండమీద పెట్టాడు.

చింతపిక్క తెలుసుగా? ఒక వైపు రాతికేసి రుద్దితే పొట్టు పోయి తెల్లగా వస్తుంది. రెండో వైపు నల్లగానే ఉంటుంది.

"రోజూ పొద్దు వాలేవేళ రెండూ కలిపి విసురుతా" అన్నాడు కూతయ్య. "రెండూ తెలుపు పడితే నెమళ్ళ వంతు. రెండూ నలుపు పడితే ముళ్ళపందుల వంతు. చెరొకటి, అంటే ఒకటి తెలుపు ఒకటి నలుపు పడితే కుందేళ్ళ వంతు. పడేవి మూడు రకాలు, మీరు మూడు జాతులు. తలా ఒకటి. పిక్కలకి పక్షపాతం ఉంటుందా?"

అందరూ తలలూపారు. లెక్క సరిగ్గా ఉన్నట్టే ఉంది మరి. మీరూ ఊపేవాళ్ళే, నాకు తెలుసు.

గరికమ్మ అనే కుందేలు కూడా ఊపింది. ఆమెకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు జొన్నడు, మధ్యవాడు కొర్రడు, అందరికంటే చిన్నది సజ్జి. సజ్జికి ఇంకా చెవులు సరిగ్గా నిలబడను కూడా నిలబడవు.

మొదటి రోజు చెరొకటి పడింది. కుందేలు పోయింది. రెండో రోజు రెండూ నలుపు. ముళ్ళపంది పోయింది. మూడో రోజు చెరొకటి. నాలుగో రోజు చెరొకటి. ఐదో రోజు మళ్ళీ చెరొకటి! ఎవరి బొరియ వంతు వస్తే ఆ బొరియలో అందరికంటే చిన్నపిల్లని కూతయ్య ఏరుకుని పట్టుకుపోయేవాడు. లేతమాంసం కదా. నెమలి అయితే ఈకలు గొంతుకి అడ్డం పడతాయి, ముళ్ళపంది సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ దొంగవెధవ కుందేళ్ళకి 'చెరొకటి' ఊరికే పెట్టాడంటారా?

కుందేళ్ళలో పెద్దవాడు దుబ్బయ్య తాత. ఆరో రోజు పొద్దున ఆయన అందరికీ ధైర్యం చెప్పాడు.

"వరసగా మూడుసార్లు మనమీదే పడిందర్రా. ఇవాళ పడదు. ఎలా పడుతుంది? పిక్కలకి మాత్రం సిగ్గుండదూ?"

ఆ సాయంత్రం చెరొకటే పడింది. పోయింది దుబ్బయ్య తాత మనవడే. పిక్కలకి జ్ఞాపకం ఉండదు పిల్లలూ. నిన్న ఏం పడిందో వాటికి తెలియదు. నిన్న పడ్డంత మాత్రాన ఇవాళ పడకుండా పోదు, ఇవాళ మానేశాయని రేపు బాకీ తీర్చవు.

ఇక కుందేళ్ళలో తర్వాతి వంతు గరికమ్మ బొరియది.

ఆ రాత్రంతా గరికమ్మ మేలుకునే ఉంది. సజ్జి ఆమె పొట్టకింద దూరి నిద్రపోయింది. 'ఇంకా మూడింట ఒక వంతే కదా' అని మనసుకి చెప్పుకుంది. మనసు వినలేదు. మూడింట ఒకటైతే ఆరు రోజుల్లో రెండు పోవాలి, మహా అయితే మూడు. ఐదెలా పోయాయి? అదృష్టం బాగాలేకపోతే పోవచ్చు, కాదనను. కానీ కన్నతల్లి కదా, అదృష్టం అనుకుని ఊరుకోలేకపోయింది.

'ఆ పిక్కల్లోనే ఏదో మోసం ఉంది' అనుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మడుగు దగ్గరికి వెళ్ళింది. పిక్కలు బండమీదే ఉన్నాయి. నాలుగు గంతుల దూరంలో, గుహ వాకిట్లో మచ్చలదొర నిద్రపోతున్నాడు. వాడి గురక వినిపిస్తోంది. గురక ఆగినప్పుడల్లా గరికమ్మ గుండె కూడా ఆగింది. ఒక పిక్కని నోట కరుచుకుని, చప్పుడు కాకుండా మెత్తటి దుమ్ములో వేసింది. తెలుపు. మళ్ళీ వేసింది. నలుపు. దొర ఒక చెవి కదిపాడు. గరికమ్మ రాయిలా ఉండిపోయింది. చెవి మళ్ళీ వాలాక ఇంకోసారి వేసింది. ఇరవై సార్లు వేస్తే తెలుపు పదకొండు, నలుపు తొమ్మిది. రెండో పిక్కా అంతే, అటూ ఇటుగా సగం సగం.

పిక్కల్లో మోసం లేదు! గరికమ్మకి ఏడుపొచ్చింది. మోసం ఉన్నా బావుండును, పట్టుకుని చూపించేది.

ఇంటికొచ్చి చూస్తే పిల్లలు రెండు చింతపిక్కలు అరగదీసి ఆడుకుంటున్నారు. కొర్రడిది పెద్ద పిక్క, సజ్జిది చిన్న పిక్క. ఎవరి పిక్క తెల్లగా పడితే వాళ్ళు గెలిచినట్టు.

"నాది తెలుపు, నీది నలుపు. నేనే గెలిచా!" అన్నాడు కొర్రడు.

మళ్ళీ వేశారు. "ఇప్పుడు నాది తెలుపు, నీది నలుపు. నేను గెలిచా!" అంది సజ్జి.

"ఇందాకా అలాగే పడింది కదే!" అన్నాడు కొర్రడు.

"అలాగే ఎక్కడ పడింది? ఇందాక నీది తెలుపు. ఇప్పుడు నాది తెలుపు. రెండూ ఒకటే ఎలా అవుతాయిరా?" అని సజ్జి కాళ్ళు నేలకేసి కొట్టి ఏడుపు మొదలెట్టింది.

గరికమ్మ గబుక్కున సజ్జి వైపు తిరిగింది.

"సజ్జీ, మళ్ళీ అను" అంది.

"రెండూ ఒకటే ఎలా అవుతాయమ్మా?"

అవును. ఎలా అవుతాయి? గరికమ్మ గోరుతో మట్టిలో గీతలు గీసింది. పెద్దది తెలుపు, చిన్నదీ తెలుపు: నెమళ్ళు. పెద్దది నలుపు, చిన్నదీ నలుపు: ముళ్ళపందులు. పెద్దది తెలుపు, చిన్నది నలుపు: కుందేళ్ళు. పెద్దది నలుపు, చిన్నది తెలుపు: ఇదీ కుందేళ్ళే! 'చెరొకటి' అన్నది పేరుకి ఒకటే, పడే దారులు రెండు. నక్క పిక్కలు రెండూ ఒకే సైజువి. ఏది ఏదో తెలియదు కాబట్టి ఆ రెండు దారులూ ఒక్కటిలాగే కనిపించాయి.

"జొన్నా, పిక్కలు వెయ్యి" అంది. నలభై సార్లు వేయించింది. రెండూ తెలుపు తొమ్మిది. రెండూ నలుపు పదకొండు. చెరొకటి ఇరవై.

మూడింట ఒకటి కాదు. నాలుగింట రెండు. సగానికి సగం! ఇవాళ సాయంత్రం సజ్జి పోవడానికి ఎంత వీలుందో, ఉండటానికీ అంతే వీలుంది. తెలియకముందే నయం అనిపించింది గరికమ్మకి. తెలిశాక భయం రెట్టింపయింది.

పెద్ద పిక్కా చిన్న పిక్కా బుగ్గన పెట్టుకుని, పిల్లల్ని తీసుకుని మడుగు దారి పట్టింది. దారిలో కూతయ్య ఎదురయ్యాడు.

"బుగ్గలో ఏమిటి గరికమ్మా?" అన్నాడు. ఆమె పిక్కల్ని బయటికి ఉమ్మింది. వాడు పెద్ద పిక్కనీ చిన్న పిక్కనీ చూశాడు. వాడి నవ్వు మాయమైంది.

"తెలివైనదానివే" అన్నాడు మెల్లగా. "మరి తెలివైనవాళ్ళు నోరు మూసుకుంటారు. ఇవాళ్టి నుంచి 'చెరొకటి' ముళ్ళపందులకి పెడతా. దొర ఆజ్ఞ అంటా. మీ వంతు రెండూ నలుపు. ఆ ముళ్ళపందులు మొద్దులు, అడగరు. నీ సజ్జి నీ దగ్గరే ఉంటుంది."

ఏం చెప్పమంటారు పిల్లలూ? గరికమ్మ 'సరే' అనబోయింది. పెదవి దాకా వచ్చింది ఆ మాట. తప్పని తెలుసు. అయినా వచ్చింది. అంతలో ముళ్ళపంది సూదమ్మ తన ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని మడుగు వైపు పోతూ, "రావే గరికా, ఆలస్యమైతే మంత్రిగారు కోప్పడతారు" అంది. ఆ పిల్లల ముళ్ళు ఇంకా మెత్తగానే ఉన్నాయి.

గరికమ్మ 'సరే' అనలేకపోయింది. పిక్కలు మళ్ళీ బుగ్గన పెట్టుకుని సూదమ్మ వెనకే నడిచింది.

బండ చుట్టూ అందరూ చేరారు. మచ్చలదొర పెదాలు నాక్కుంటూ కూర్చున్నాడు. గరికమ్మ నోరు తెరిచింది. కీచుమంటూ గొంతు వచ్చింది.

"ఆగండి! ఈ పంపకం తప్పు!"

గబగబా పెద్ద పిక్కా చిన్న పిక్కా బండమీద పెట్టి, నాలుగు దారులూ తిప్పి చూపించింది. "నెమళ్ళకి ఒకటి. ముళ్ళపందులకి ఒకటి. మాకు రెండు. మంత్రిగారు మూడు పేర్లు చెప్పి నాలుగు దారులు దాచారు. దారిలో నాకు మాటిచ్చారు కూడా, ఆ రెండూ సూదమ్మక్క నెత్తిన పెడతానని!"

సూదమ్మ ముళ్ళు ఒక్కసారిగా నిక్కబొడుచుకున్నాయి. నెమళ్ళ పెద్ద పింఛయ్య మెడ చాచి నాలుగు దారుల్నీ ఒక్కొక్కటే చూశాడు.

"మేం ముగ్గురం. దారులు నాలుగు. మరి నాలుగోది ఎవరిది?" అన్నాడు.

"ఈ మడుగులో నీళ్ళు తాగే నాలుగోవాడిది" అంది సూదమ్మ.

అందరూ కూతయ్య వైపు చూశారు.

"నేను మంత్రిని!" అని అరిచాడు కూతయ్య.

మచ్చలదొర పకపకా నవ్వాడు. "పిక్కలకి పక్షపాతం లేదన్నది నువ్వే కదరా. నా పొట్టకీ లేదు. పెద్దది తెలుపు, చిన్నది నలుపైతే కుందేలు. పెద్దది నలుపు, చిన్నది తెలుపైతే నువ్వు. ఊఁ, వెయ్యి."

గరికమ్మ సజ్జిని కాళ్ళ మధ్యకి లాక్కుంది. నాలుగింట రెండు పోయి నాలుగింట ఒకటి మిగిలింది. అంటే సగం భయం పోయింది, సగం భయం ఉంది. న్యాయమైన పంపకం అంటే ప్రాణానికి హామీ కాదు కదా. ఆమె కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే సజ్జి కనబడదు.

కూతయ్య పిక్కలు పట్టుకున్నాడు. విసరకుండా అటూ ఇటూ దారి వెతికాడు.

"నాలుగింట ఒకటే కదా మంత్రిగారూ" అన్నాడు పింఛయ్య. "రోజూ మమ్మల్ని అందులోనే నిలబెట్టారు. ఒక్కరోజు నిలబడలేరా?"

నిలబడలేకపోయాడు. పిక్కలు వదిలేసి ఒకటే పరుగు! చిరుతపులి ముందు ఎప్పుడూ పరిగెత్తకూడదు. కుంటికాలైనా దొర ఒక్క దూకు దూకగలడు. ఆ ఒక్క దూకే చాలింది. కూతయ్య అరుపు ఒక్కసారే వినబడింది.

జంతువులన్నీ కకావికలై పారిపోయాయి. మర్నాడు దొర బండమీద కూర్చుని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. వాడు నిద్రపోయే వేళ చూసి చాటుగా నీళ్ళు తాగిపోయారు. ఏ బొరియ ఎక్కడుందో చెప్పే మంత్రి లేడు. నాలుగు రోజులు పస్తులుండి, ఐదో రోజు కుంటుకుంటూ కొండ అవతలికి వెళ్ళిపోయాడు.

అయితే ఒక్క సంగతి గరికమ్మ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతా వినండి.

అందరూ పారిపోతున్నప్పుడు ఆమె ఒక్కతే బండవైపు చూసింది. కూతయ్య చేతిలోంచి జారిన పిక్కలు అక్కడే పడి ఉన్నాయి. పెద్దది తెలుపు. చిన్నది నలుపు.

అది నక్క దారి కాదు. కుందేలు దారి. వాడు పారిపోకుండా నిలబడి ఉంటే సజ్జి పోయేది.

గరికమ్మ పిక్కల్ని ఒక్క తన్ను తన్ని మడుగులో పడేసింది. సజ్జిని ముందుకు తోసుకుంటూ ఇంటికి పరిగెత్తింది. బొరియలో దూరాక పిల్లల్ని లెక్కపెట్టింది. ముగ్గురు. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టింది. ముగ్గురే.

నీతి: ఎన్ని పేర్లు చెప్పారో కాదు, ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టు. పంపకం న్యాయమైనదే అనేవాణ్ణి, అందులో ఒక వంతు తనూ తీసుకోమని అడుగు.