పళ్లెం దగ్గర చోటు

ఈ సంగతి నాకు చెప్పినవారు ఆదోనికి చెందిన నబీరసూల్ గారు. రిజిస్ట్రార్ కార్యాలయంలో గుమస్తాగా చేసి పదవీ విరమణ పొందినవారు. మూడేళ్ల వ్యవధిలో రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ మాట మారలేదు. తన తప్పును తగ్గించుకోనూ లేదు.

ఆయన గురువు కరీముల్లా షా అనే వృద్ధ సూఫీ. శిష్యులు హజ్రత్ అని పిలిచేవారు. ఆయన దగ్గర ఒక ఆచారం ఉండేది. పూర్వ గురువుల జీవితాలున్న ఆరువందల పేజీల గ్రంథాన్ని ఆ ఏడాదిలో మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివినవారు, ఉరుసు నాడు హజ్రత్‌తో కలిసి ఒకే పెద్ద పళ్లెంలో భోంచేసేవారు. తక్కినవారికి గుమ్మం దగ్గర వడ్డన.

దర్జీ దస్తగిరి ఇరవై ఏళ్లు గుమ్మం దగ్గరే తిన్నాడు. పొద్దంతా కుట్టి వచ్చి పుస్తకం పట్టుకుంటే, పదో పేజీలోపే నిద్ర ముంచుకొచ్చేది. ఒక ఏడాది ఆ గ్రంథం ఆడియోగా వచ్చింది. కుట్టుమిషన్ పక్కన ఫోను పెట్టుకుని, ఏడు నెలలు విని ముగించాడు. ఆ ఉరుసుకు చేతులు కడుక్కుని పళ్లెం దగ్గరకు వచ్చాడు.

నబీరసూల్ గారు అడ్డుపడ్డారు. "ఎక్కడికప్పా?"

"పుస్తకం అయిపోయిందన్నా."

"విన్నావు. చదవలేదు. మిషన్ తొక్కుకుంటా వింటే సగం బుర్రలోకి పోతాది, సగం జుబ్బాలోకి పోతాది."

అందరూ నవ్వారు. దస్తగిరీ నవ్వబోయాడు.

"నిజమేలే అన్నా. పుస్తకంలో ఆ తల్లి కొడుకును సాగనంపే కాడ, ఒక చొక్కాకు చెయ్యి తలకిందులుగా కుట్టినా."

అని, వెనక్కి వెళ్లి గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

"మీరే చెప్పండి హజ్రత్," అన్నారు నబీరసూల్ గారు. "వింటే చదివినట్టేనా?"

హజ్రత్ అప్పటికే ముద్ద కలిపారు. దానిని అలాగే వదిలేశారు. గోడ పట్టుకుని, ఆయాసపడుతూ లేచారు. తడుముకుంటూ వెళ్లి దస్తగిరి పక్కన కూలబడ్డారు.

"అక్కడెందుకు హజ్రత్?"

"నా కండ్లు పోయి ఆరేండ్లాయె, రసూల్. దినామూ నువ్వు చదువుతాండావు, నేను వింటాండా." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "లేవలేను నాయనా. అన్నం ఇక్కడికే తే."

వడ్డించింది తానేనని నబీరసూల్ గారు చెప్పారు. ఆ పూట తాను ఎక్కడ తిన్నదీ చెప్పలేదు.

హజ్రత్ మరుసటి వానాకాలంలో కాలం చేశారు. దస్తగిరి అంగడి మూసి, బళ్లారిలో కూతురి దగ్గరకు చేరి, అక్కడే పోయాడు. నబీరసూల్ గారికి చూపు నేటికీ చక్కగా ఉంది. ఆ గ్రంథం ఇప్పుడూ చదువుతున్నారా అని అడిగాను.

"తెరుస్తానండీ," అన్నారు. "వినేవాళ్లు లేరు."