అమ్మ చిక్కుడు మొలక

కాళ్ళు కడుక్కున్నావా? సరే, ఇటు జరుగు. దుప్పటంతా నువ్వే లాక్కోకు, ముసలిదాన్ని నాకూ చలేస్తుంది. ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఊరు. పేరెందుకే నీకు, రేపు బస్సెక్కి వెళ్ళొస్తావా ఏంటి? ఆ ఊళ్ళో వరాలని ఒకావిడ ఉండేది. వరాలుకి వాళ్ళమ్మంటే ప్రాణం. వాళ్ళమ్మ తన పెరట్లో ఏటా చిక్కుడు పాదు పెట్టేది. అలాంటి కాయ ఇంకెక్కడా దొరికేది కాదు. ఇలా పొయ్యి మీద పెడితే అలా ఉడికిపోయేది. వరాలు పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా అల్లం వేసిన ఆ కూర కడుపునిండా తినేది. అంతేగానీ పాదు ఎలా పెడతారో, మొలక ఎలా ఉంటుందో ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. నువ్వు మాత్రం చూస్తున్నావా ఏంటి!

ఒక ఏడు వాళ్ళమ్మ గుప్పెడు గింజలు పాతగుడ్డలో మూటగట్టి ఇచ్చింది. "ఆషాఢంలో వాన పడగానే పెట్టమ్మా" అంది. వరాలు సరేనంది. ఆషాఢం ఇంకా రాకముందే వాళ్ళమ్మ పోయింది.

ఆ తర్వాత వాన పడింది. వరాలు మూట విప్పింది. అమ్మ చేత్తో ఏరిన గింజలు కదా, మట్టిలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. కోడి గీరేస్తే? పురుగు తినేస్తే? వచ్చే ఏడు పెడదాంలే అనుకుని, బూడిదలో కలిపి మళ్ళీ మూటగట్టి, పొయ్యి మీద దూలానికి వేలాడదీసింది. పొగ తగిలితే పురుగు పట్టదని అందరూ అలాగే చేసేవారు. కాకపోతే అందరూ మళ్ళీ వానకి దింపేవారు. ఈవిడ దింపలేదు.

రెండో ఏడు పక్కింటి అచ్చియ్యమ్మ వచ్చింది. "నాలుగు గింజలు పెట్టవే వరాలూ, మా పందిరి బోసిగా ఉంది" అని అడిగింది. వరాలు "లేవొదినా" అనేసింది. తలెత్తితే మూట ఎదురుగానే ఉంది. అచ్చియ్యమ్మ దాన్ని చూసింది, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

అలా అలా ఏడేళ్ళు గడిచాయి. రోజూ అన్నం వారుస్తూ వరాలు ఆ మూట వంక చూసుకునేది. అమ్మ ఇంట్లోనే ఉన్నట్టు ఉండేది దానికి. పిచ్చిమొహం.

అప్పుడు వాళ్ళ నాన్నకి జబ్బు చేసింది. వరాలు తమ్ముడి దగ్గర ఉండేవాడు, కూతురు చూస్తుందని ఇక్కడికి తీసుకొచ్చారు. ఏం పెట్టినా రెండు ముద్దలు తిని కంచం నెట్టేసేవాడు. "ఏం తినాలనుంది నాన్నా?" అని అడిగింది వరాలు. "మీ అమ్మ చిక్కుడుకాయ కూర" అన్నాడు.

పుట్టింటి పెరట్లో పాదు ఎప్పుడో పోయింది, అక్కడ తమ్ముడు పశువుల పాక వేశాడు. ఇంక ఆ గింజలు ఉన్నది వరాలు దగ్గరే. "ఇప్పుడు పెడితే కార్తీకానికి కాయలొస్తాయి నాన్నా" అంది. "అయితే కార్తీకం దాకా ఉంటాలే" అన్నాడు. ఆ పూట ఇంకో ముద్ద అడిగి తిన్నాడు.

వరాలు మూట దింపింది. బూడిద దులిపితే గింజలు నిగనిగలాడుతున్నాయి. గొయ్యి తవ్వి, పేడ ఎరువు వేసి, ఐదు గింజలు పెట్టింది. నాన్న తన మంచం చూరు కిందకి వేయించుకున్నాడు, పాదు కనబడాలని. ఎనిమిది రోజులైంది. ఏమీ రాలేదు. తవ్వి చూస్తే కుళ్ళిపోయి ఉన్నాయి. వాన ఎక్కువైందనుకుంది.

అప్పుడు ఇంకో ఐదు రాత్రంతా నానబెట్టి, నీళ్ళు నిలవకుండా మిట్ట చేసి పెట్టింది. అవీ రాలేదు. పొద్దున్నే నాన్న "మొలిచిందా అమ్మా?" అని అడిగేవాడు. "రేపు మొలుస్తుంది నాన్నా" అనేది.

ఆ తర్వాత అచ్చియ్యమ్మ దగ్గరికి వెళ్ళింది, సిగ్గు విడిచి. "తడిగుడ్డలో కట్టి గడ్డిలో పెట్టవే, ప్రాణముంటే ముక్కు పగులుతుంది" అంది ఆవిడ. మిగిలినవన్నీ కట్టేసింది. నాలుగో రోజు ఇద్దరూ కలిసి విప్పారు. జిగురు, వాసన. ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. "ఏడేళ్ళు పొయ్యి సెగకి ఉన్నాయే, ఇంకేం మిగులుతుంది" అంది అచ్చియ్యమ్మ. ఆ రోజు నాకు నాలుగిచ్చి ఉంటేనా, అని మాత్రం అనలేదు. అన్నా బాగుండేది. వరాలు తనివితీరా ఏడ్చేసేది.

నిద్రొస్తోందా? లేదూ? సరే విను.

వరాలు నాన్న ముఖం చూసింది. సంతకి వెళ్ళి చిక్కుడు గింజల పొట్లం కొనుక్కొచ్చింది. నాన్న మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు అదే పాదులో పెట్టేసింది. ఐదో రోజుకి మొలక వచ్చి రెండాకులు వేసింది. నాన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. ఆయన వంగి చాలాసేపు చూశాడు. "మొలిచిందమ్మా. మీ అమ్మదే" అన్నాడు. ఆ రోజు నుంచీ పొద్దున్నే చెంబుతో నీళ్ళు తనే పోసేవాడు.

తీగ పందిరెక్కింది. పూత ఇంకా రాలేదు. భాద్రపదంలో ఆయన పోయాడు.

కార్తీకంలో పందిరి నిండా కాయలు కాశాయి. వరాలు దాని కింద కూర్చుని ఏడుస్తుంటే అచ్చియ్యమ్మ వచ్చింది. "మా నాన్నని మోసం చేశానొదినా. చివరిరోజుల్లో అబద్ధం చెప్పాను" అంది వరాలు.

అచ్చియ్యమ్మ పక్కన కూర్చుని తల నిమిరింది. "మీ నాన్నకి మొదటిరోజే తెలుసే. మీ అమ్మ చిక్కుడు మొలిస్తే కాడ ఊదాగా ఉంటుందట. ఇది పచ్చకాడ. నాతో చెప్పాడు. వరాలుకి చెప్పకమ్మా, మళ్ళీ తవ్వుకుంటూ కూర్చుంటుంది, అన్నాడు."

వరాలు ఇంక ఏడవలేదు. లేచి ఆ కాయలు కోసింది, కూర వండింది. ముందు నాన్న పేర ఒక ఆకులో పెట్టింది, తర్వాత అచ్చియ్యమ్మకి పెట్టింది, ఆఖర్న తను తింది. కూర బాగానే ఉంది. అమ్మది మాత్రం కాదు. ఆ చిక్కుడు మళ్ళీ ఎవరింట్లోనూ మొలవలేదు.

ఏంటే, ముక్కు ఎగబీలుస్తున్నావు? ఇలా రా, నా చెయ్యి మీద పడుకో.

కథేమో కంచికెళ్ళింది,
మనల్ని ఇంటికి పొమ్మంది,
దీపం కొండెక్కింది,
కంటికి కునుకొచ్చింది.